పీకమన్న పన్ను

“పీకెయ్యుండ్రి మేడం,” అన్నాడు నయీముద్దీన్, కుర్చీ పూర్తిగా వెనక్కి వాలకముందే.

సుబేదారిలో క్లినిక్ పెట్టి పన్నెండేళ్లయినా డాక్టర్ శ్రీలతకు ఇలాంటి పేషెంటు తగల్లేదు. పీకుతారేమోనని వణికేవాళ్లే అందరూ. యాభై ఏళ్ల ఈ మనిషేమో పీకమని పట్టు. దావత్‌లో మటన్ బొక్క కొరికితే కింది దవడ పన్ను సగం ఎగిరిపోయిందట.

ఆమె ఎక్స్‌రే చూపించింది. “వేరు గట్టిగున్నది నయీం భాయ్, పీకుడెందుకు? చిన్న రంధ్రమైతే సిమెంటు నింపితే అయిపోయేది. ఇంత విరిగినంక అది ఆగది. సగం తొడుగు కూడ పట్టుకోదు. రూట్ కెనాల్ చేసి నిండు క్యాపు పెడితే పన్ను దక్కుతది.”

“క్యాపు మీద నాకు నమ్మకం లేదు.”

“ఎందుకట్ల?”

“చేసేటోడు నోరు చూస్తడా మేడం? ఎక్కడ్నో కూసోని, అచ్చు చూసి చేస్తడు. అంచు జర లేచినా లోపల మళ్ల పుచ్చుతది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయితది.”

శ్రీలతకు వింతగా అనిపించింది. ఫోన్లో చదివి వచ్చేవాళ్లు క్యాపు రంగు గురించి అడుగుతారు. అంచు సంగతి ఎవరికి పడుతుంది?

“ఎన్ని ఊడినయి ఇప్పటిదాంక?” అన్నాడతను.

“ఏడేండ్ల నుంచి ఒక్కటే ల్యాబు. ఒక్కటి కూడ ఊడలే.”

“ఊడినోళ్లు వేరే దవాఖానకు పోయిండ్రేమో.”

ఆమెకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. మనవరాలి పంటి నొప్పికి వచ్చి బయట కూర్చున్న మొగిలమ్మను లోపలికి పిలిచింది. “అవ్వా, నాలుగేండ్ల కింద నేను పెట్టిన క్యాపు ఎట్లున్నది?”

“ఏం క్యాపు బిడ్డా?” ముసలమ్మ నాలుకతో తడుముకుంది. “అగో, అదా? మర్చే పోయిన. నిన్న మక్క గుడాలు నమిలిన దాంతోనే.”

నయీముద్దీన్ కుర్చీ దిగాడు. “అవ్వా, జర నోరు తెరువు,” అని డాక్టర్ చేతిలోంచి లైటు అందుకున్నాడు. చాలాసేపు చూశాడు. తిరిగి కూర్చునేసరికి అతని కళ్లు తడిగా ఉన్నాయి. శ్రీలతకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

“క్యాపే పెట్టుండ్రి,” అన్నాడు.

రూట్ కెనాల్‌కు రెండు వారాలు పట్టింది. ఆఖరి రోజు పన్ను అరగదీసి అచ్చు తీసింది. “సాయంత్రం ల్యాబుకు పంపుత.”

“పంపకుండ్రి. నా చేతికియ్యుండ్రి, నేనే తీస్కపోత.”

“మీకెందుకు భాయ్ ఆ తిప్పలు?”

నయీముద్దీన్ తన పంటి అచ్చును వెలుతురులోకి ఎత్తి, అంచు చుట్టూ ఒకసారి చూసుకున్నాడు.

“ఆ క్యాపులు చేసేది నేనే మేడం.”