చూడొద్దన్న దేవత

"అమ్మ మొహాన్ని బజారుకెక్కిస్తావా నాన్నా?"

కూతురి అరుపుకు షెడ్డు రేకులు అదిరాయి. పెట్టెలో గడ్డి సర్దుతున్న తండ్రి చేతులు ఆగిపోయాయి.

బల్ల మీద నడుము దాకా ఉన్న పింగాణీ స్త్రీ. కుడి చెంప నున్నగా, నిండుగా ఉంది. ఎడమవైపు మాత్రం చర్మం కరిగి జారిన మైనంలా ముడుచుకుపోయి, కన్ను సగం మూసుకుపోయి, చెవి ఉండాల్సిన చోట ఒట్టి బొడిపె. అక్కడి మెరుగుపూత ఎరుపూ నలుపూ కలిసి పచ్చిపుండులా తళతళలాడుతోంది.

"ఇది జపాన్ వాళ్ళ పురాణంలో దేవతమ్మా. ఇజనామి అంటారు" అన్నాడు తండ్రి మెల్లగా. "చచ్చిపోయి పాతాళానికి పోతుంది. మొగుడు వెతుక్కుంటూ వెళ్తే, చీకట్లోంచే 'నన్ను చూడొద్దు' అంటుంది. ఆయన ఆగలేక దీపం వెలిగిస్తాడు. కుళ్ళిన ఆమె ఒళ్ళు చూసి, వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తుతాడు."

"నాకు కథలు చెప్పకు. ఈ మొహం ఏ పురాణంలోదో నాకు తెలీదా?"

బొమ్మలు కాల్చే బట్టీ పేలి మంట ఎగదన్నాక, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినప్పటి నుంచీ అమ్మ పెరటి అవతల ఇంట్లో వెనక గది గడప దాటలేదు. కిటికీలకు దుప్పట్లు కట్టించుకుంది. కన్నకూతురితోనైనా తలుపు అవతలి నుంచే మాట. ఆస్పత్రిలో కట్లు విప్పినప్పుడు కూతురు ఒక్కసారే చూసింది. చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వరండాలోకి పరిగెత్తింది. ఆ సంగతి ఇప్పుడు తండ్రి కావాలనే ఎత్తిపొడిచినట్టనిపించి ఆమె ఒళ్ళు భగ్గుమంది.

"గ్యాలరీలో ప్రదర్శనకు పెడితే ఊరంతా టిక్కెట్టు కొనుక్కుని అమ్మను చూస్తారా? అబ్బ, ఏం పనితనం అని చప్పట్లు కొడతారా? కట్టుకున్నదాని కాలిన మొహం తప్ప నీకింకేం దొరకలేదా?"

"కాసేపు ఓపిక పట్టమ్మా. నేను చెప్పకూడదు. మాటిచ్చాను."

"ఎవరికి? గ్యాలరీ వాళ్ళకా?"

బయట గేటు దగ్గర వ్యాను ఆగిన చప్పుడైంది. ఎవరో ఆగకుండా హారన్ కొడుతున్నారు.

ఇక ఆలోచించలేదు కూతురు. గోడవార ఉన్న సుత్తి అందుకుంది. "వద్దమ్మా!" అంటూ తండ్రి అడ్డం పడేలోపే కాలిన చెంప మీద ఒక్క దెబ్బ. రెండో దెబ్బకు మెడ విరిగి తల నేల మీద పడింది. నున్నటి చెంప కూడా ముక్కలు ముక్కలైంది.

తండ్రి తిట్టలేదు. మోకాళ్ళ మీద కూలబడి, ముక్కలన్నీ రెండు చేతులతో దగ్గరికి పోగేయసాగాడు. వేలు తెగి రక్తం కారుతున్నా పట్టించుకోలేదు. పెదవులు మాత్రం ఏదో గొణుగుతున్నాయి.

కూతురు సుత్తి పక్కన పడేసి ఊపిరి పీల్చుకుంది. పోతే పోయింది బొమ్మ. అమ్మ పరువు దక్కింది.

అప్పుడే వెనక గది గడియ తీసిన చప్పుడు.

అమ్మ బయటికొచ్చి షెడ్డు గుమ్మం దాకా నడిచింది. ఉతికి ఇస్త్రీ చేసిన చీర. తీర్చి దువ్విన తల. మొహాన ముసుగు లేదు. ఇన్నాళ్ళ చీకటి తర్వాత ఒక్కసారిగా పడిన వెలుతురుకు కళ్ళు చికిలించి, మట్టి ఇంకిన గోళ్ళున్న చేతిని నుదుటికి అడ్డం పెట్టుకుని, అలికిడిని బట్టి కూతురి వైపు తిరిగి నవ్వింది.

"వాళ్ళొచ్చినట్టున్నారు కదూ? చేసింది నేనేనని నా నోటితోనే చెప్తానన్నాను మీ నాన్నకి. నువ్వు చూశావా తల్లీ, ఎలా ఉంది నా బొమ్మ?"