గేటు మైకులో సింహాద్రి

చచ్చినవాడి గొంతు మీకు కాలక్షేపం. యంత్రాలూ కంపెనీలూ ఏలే రేపటి లోకపు సైబర్‌పంక్ నవలలు పక్కపక్కన పెట్టుకుని పోలుస్తారు: ఒకదాంట్లో కంపెనీ ఆ గొంతును యంత్రంలో దాస్తుంది, ఇంకోదాంట్లో అద్దెకిస్తుంది. వాడి పెళ్లాం మాత్రం ఎందులోనూ ఉండదు.

విశాఖ మల్కాపురం రండి. కాంట్రాక్టు కూలీ సింహాద్రి ఫ్యాక్టరీలో ఇనుము మీదపడి పోయి ఏడాదైంది. కంపెనీ అతని చేత రికార్డు చేయించిన మాట మాత్రం షిఫ్టు మారే వేళకు గేటు మైకులో వినిపిస్తూనే ఉంది. అది వినగానే అతని పెళ్లాం తవిటమ్మ పొయ్యి మీద ఎసరు పెడుతుంది.

“ఎసరెవరికి వదినా?” అన్నాను.

“మీ అన్న డూటీ దిగినాడు. ఇనబడ్నేదా, సెవుడేటి నీకు?”

వినబడింది. “హెల్మెట్ లేకుండా లోపలికి రావద్దు.”

కంపెనీ ముందు మా డిమాండ్లు:
ఆ క్యాసెట్టు తవిటమ్మకివ్వాలి.
ఆరోజు సింహాద్రి డ్యూటీలోనే ఉన్నాడని ఒప్పుకోవాలి.
మిగిలిన కాంట్రాక్టు కూలీలకైనా హెల్మెట్లు ఇవ్వాలి.