ఆరు ముక్కులు, ఒక్క గుమ్మం

బూరుగుచెట్ల అడవిలో చురుకయ్య అనే కుర్ర వడ్రంగిపిట్ట, తొర్రలు తొలిచి పక్షులకు ఇళ్ళు కట్టిపెట్టేవాడు. అతని పనితనం పేరు అడవంతా పాకింది. మొదటి నెల రెండిళ్ళు అడిగిన అడవి, మూడో నెలకల్లా ఇరవై నాలుగు అడిగింది. వానలకు ఇంకా ఐదు రోజులే ఉన్నాయి.

చురుకయ్య ఆరు వడ్రంగిపిట్టల్ని పనికి పెట్టుకున్నాడు. తలా రోజుకొక ఇల్లు, ఐదు రోజులకు ముప్పై. ఇంకా ఆరు మిగులు అనుకుని మురిసిపోయాడు.

కానీ ముందు గుమ్మం చెక్కితేగాని లోపల తొలవడం కుదరదు. ఆ గుమ్మం తానే చెక్కాలని అతని పంతం. పరాయి ముక్కు పడితే తన పేరు చెడుతుందని బెంగ. మొదటిరోజు సాయంత్రానికి ముక్కు వాచింది, తయారైనవి రెండే ఇళ్ళు.

నిండు నెలల గోరింక వచ్చి, కొమ్మ మీద కబుర్లాడుకుంటున్న పనివాళ్ళను చూసింది.

"ఆరు ముక్కుల్ని ఊరికే కూర్చోబెట్టి ఒక్కదాన్ని అరగదీస్తున్నావేం నాయనా? నా గుడ్లు నీ గుమ్మం కోసం ఆగుతాయా?"

చురుకయ్య లెక్క వేశాడు. ఇలాగైతే పది ఇళ్ళే. పద్నాలుగు కుటుంబాలు వానపాలు.

తెల్లారగానే అందరి ముందూ ఒక గుమ్మం చెక్కి చూపించి, మిగతావి వాళ్ళకే వదిలి పక్కకు తప్పుకున్నాడు. ఊరుకుని కూర్చోవడం తొర్ర తొలవడం కన్నా కష్టమనిపించింది.

వాన మొదలయ్యేసరికి ఇరవై నాలుగూ పూర్తయ్యాయి. అయినా మనసాగక గోరింక ఇంటికి ఎగిరి వెళ్ళాడు.

"గుమ్మం కాస్త వంకరపోయింది పిన్నీ, సరిచేయనా?"

గుడ్ల మీంచి కదలకుండానే గోరింక నవ్వింది. "లోపల చుక్క పడలేదు. తడుస్తున్నది నువ్వొక్కడివే, లోపలికి రా."