నీలి జెన్షియన్

"ఆ రాతి పక్కన చూడన్నయ్యా. కళ్లజోడు తుడుచుకుని మరీ చూడు."

ఆంబ్రోస్ అన్నయ్య గడ్డిలో మోకాళ్ల మీద కూలబడ్డాడు. డర్బీషైర్ కొండల్లో ఎవరికీ దొరకని నీలి జెన్షియన్ అక్కడ పూసి ఉంది. పోయిన వారం కుండీలోంచి తీసి నేనే నాటాను. "మీ అన్నగారికి చూపు ఆనడం లేదమ్మా. ఇక ఇంట్లో గులాబీలకి నీళ్లు పోసుకోమనండి" అని వృక్షశాస్త్ర సంఘం వాళ్లు నవ్వుతుంటే ఓర్చుకోలేకపోయాను.

అన్నయ్య వణికే చేతులతో మొక్కను పెకలించాడు. మట్టి రాలిపోయింది. వేర్లు గుండ్రంగా, కుండీ అడుగు ఆకారంలో చుట్టుకుని ఉన్నాయి. కొండ మీద పుట్టిన మొక్కకు అలా ఉండవు.

సిగ్గుతో నా మొహం మండిపోయింది. "అన్నయ్యా, నేను..."

"మాట్లాడకే హెస్టర్. వాళ్లు వస్తున్నారు."

జేబులోంచి చాకు తీసి, ఒక్క కోతతో వేర్లు తెగ్గోసి రాతి కిందికి తోసేశాడు. అప్పుడు మాత్రం ఆయన చెయ్యి వణకలేదు.

మా వెనకే బయల్దేరిన సంఘం వాళ్లు రొప్పుతూ ఎక్కివచ్చి, పువ్వును చూసి టోపీలు తీశారు. ఒకాయన మాత్రం కిందా మీదా చూసి, "వేర్లేవండీ?" అన్నాడు.

"రాతి సందులో ఉండిపోయాయండీ," అన్నాడు అన్నయ్య.

మా ముందుగదిలో, గోడకున్న గాజు చట్రంలో, ఆయనకు తొలిసారి పేరు తెచ్చిన పువ్వు ఉంది. దానికి వేర్లెందుకు లేవని చిన్నప్పుడు అడిగితే, నాకూ అదే మాట చెప్పాడు.