పాలపిట్ట పెట్టిన సభ

ఎండలు ముదిరి మడుగు నీళ్ళు పాడయ్యాయి. అడవిలో అందరికీ ఆరోగ్యం సంగతులు చెప్పే పెత్తనం పాలపిట్టది. ఆ నీళ్ళు తాగొద్దనీ, వాగు ఇసుకలో చెలమలు తవ్వుకోమనీ చెప్పడానికి పొద్దున్నే సభ పెట్టింది. జింకలు, కోతులు, పిట్టలు నేల ఈనినట్టు వచ్చాయి. పాలపిట్ట పొంగిపోయింది. పగలు నిద్రపోయేవాళ్ళ సంగతే దానికి తట్టలేదు.

వారం తిరక్కుండానే ముళ్ళపంది పిల్లలు మడుగు నీళ్ళు తాగి చచ్చిపోయాయి. పరామర్శకు వెళ్ళిన పాలపిట్ట, "సభకు రాలేదేం వదినా?" అంది.

"పొద్దున మాకు నిద్రవేళ కదమ్మా," అంది ముళ్ళపంది. "సాయంత్రం బొరియ ముందు ఒక్క కేక వేసుంటే, రాత్రికి రాత్రే చెలమ తవ్వేదాన్ని. తవ్వడం మాకో లెక్కా?"

ఆ సాయంత్రం పాలపిట్ట ప్రతి బొరియ ముందూ ఆగి, కేకేసి చెప్పింది. ముళ్ళపంది బొరియ దగ్గరికొచ్చేసరికి మాత్రం కేకేయకుండా, తల దించుకుని దాటిపోయింది.