ఏటి ఒడ్డున ఫోటో

మా కిషన్‌గంగ ఏటికి అవతలి ఒడ్డు ఇంకో దేశం. దాటబోతే తుపాకీ పేలుతుంది. ఆ ఒడ్డును చూడటానికే ఇప్పుడు బస్సుల నిండా జనం దిగుతున్నారు. వాళ్ళకి టీ పోసి బతుకుతున్నాను గనక నోరు మూసుకుంటాను.

ఆ రోజు అవతల కొందరు మూగి, ఒక మంచాన్ని ఎత్తి ఇటువైపు వంచారు. చేతులు ఊపారు.

"రేయ్, మనకే టాటా చెప్తున్నార్రా!" అని ఒకడు అరిచాడు. ఇక ఈలలు, గాల్లోకి ముద్దులు.

మా ఊరి ముసలి జైతూనా ఆ గుంపు వెనక నలిగిపోతోంది. "జరుగు నాయనా, కనబడటంలేదు."

"ఒక్క ఫోటో మామ్మా, ఉండు!" ఆ అరిచినవాడే ఏటికి వీపు పెట్టి, పళ్ళికిలించి ఫోన్ నొక్కాడు.

ఆమె ముందుకొచ్చేసరికి మంచం చెట్ల చాటుకి వెళ్ళిపోయింది. కాసేపు అటే చూసి, వాడి మోచెయ్యి పట్టుకుంది.

"ఆ ఫోటో చూపించు బిడ్డా."

వాడు మురిసిపోతూ తన మొహాన్ని పెద్దది చేశాడు.

"నువ్వు కాదు. నీ చెవి పక్కన, ఆ మంచం మీద ఉన్నాడే, మా తమ్ముడు, వాణ్ణి పెద్దగా చెయ్యి. పూడ్చేముందు మొహం చూసుకోమని నాకోసమే ఏటిదాకా మోసుకొచ్చారు."