హారన్ ఆగేదాకా

హారన్ మొదలైంది. గదిలో ఎక్కడి మాట అక్కడ ఆగిపోయింది.

ఇంటర్వ్యూకి వచ్చిన మొదటి ఇంజనీరు మాత్రం తన గొప్పలు తాను చెప్పుకుపోతున్నాడు. కార్యదర్శి పెదవుల మీద వేలు పెట్టి ఆయన్ని ఆపాడు. కాసేపటికి హారన్ ఆగింది. నగర పంచాయతీ అధ్యక్షురాలు ఊపిరి వదిలి, "ఇప్పుడు చెప్పండి" అంది.

"ఏమిటండీ ఇది?" అన్నాడాయన బిత్తరపోయి.

"మా వంతెన సంగతండీ" అన్నాడు కార్యదర్శి. "ఒక్క బండికే చోటు. మధ్యలో ఒంటె మూపురంలా లేచి ఉంటుంది. ఇటు నిలబడితే అటు ఏముందో కనబడి చావదు. అందుకని ఎక్కేవాడు హారన్ మీద పెట్టిన చెయ్యి దిగేదాకా తియ్యడు. అది మోగుతున్నంతసేపు అవతలివాడు ఎక్కడు. ఆగిందంటే క్షేమంగా దాటినట్టు."

"అదీ ఒక పద్ధతేనా?" అని నవ్వాడాయన. ఇంకెవరూ నవ్వలేదు.

వంతెనకి వయసైపోయింది. దాని చోట కొత్తది కట్టడానికి అనుమతి వచ్చింది. ఆఫీసుకి సొంత ఇంజనీరు లేకపోలేదు. ఏటా పాతదానికి రంగు పూయించి, భేషుగ్గా ఉందని చెప్పే రకం. ఆయన మీద నమ్మకం చచ్చిపోయి, పని దగ్గరుండి చూసుకోవడానికి బయటి ఇంజనీర్లని పిలిపించింది అధ్యక్షురాలు. ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే. కొత్తది లేచేదాకా పాతది ఆగుతుందా?

రోజూ సాయంత్రం ఆమె కూతురు స్కూలు బస్సులో ఆ వంతెన దాటే ఇంటికి రావాలి. పాప రెండో తరగతి. వేరే దారి లేదు. బస్సు దాటేదాకా ఆ తల్లి ప్రాణం ప్రాణంలో ఉండదు.

"నిక్షేపంలా ఆగుతుంది. ఫొటోలన్నీ చూశాను" అన్నాడు మొదటాయన.

రెండో ఆయనా ఫొటోలు చూసే వచ్చాడు. "నేనున్నాను కదండీ, మీకెందుకు భయం?" అన్నాడు. ఆ మాటతో ఆమెకి ఉన్న భయం రెట్టింపయింది.

మూడో ఆయన రానేలేదు.

"పొద్దున ఫోన్ చేశాడు మేడం" అన్నాడు కార్యదర్శి. "ఆఫీసుకి దారి అడగలేదు గానీ ఆ హారన్ సంగతి మాత్రం గుచ్చి గుచ్చి అడిగాడు. కాస్త తిక్క మనిషిలా ఉన్నాడు."

బయట వాన దంచికొడుతోంది. ఎక్కడో గట్టిగా ఉరిమింది. కిటికీ అద్దాలు అదిరాయి. ఇంటర్వ్యూలు కదా అని ఫోన్లన్నీ డ్రాయర్లో పడేసి ఉన్నాయి. వాటిలో ఒకటి గుర్రుమంది.

"మూడో ఆయనే మేడం. మాట్లాడనా?"

"వద్దు. ఏదో సాకు చెబుతాడు. టైముకి రానివాడు మన పనేం చూస్తాడు? పేరు కొట్టెయ్యండి."

కార్యదర్శి కొట్టేశాడు. అప్పుడే మళ్లీ హారన్ మొదలైంది.

ఆమె గోడ గడియారం కేసి చూసింది. స్కూలు బస్సు వచ్చే వేళే. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాన హోరులో అది ఏ బండి హారనో తెలియడం లేదు. ఇప్పుడాగుతుంది, ఇదిగో ఆగుతుంది అనుకుంది. ఆగలేదు.

"బస్సు గానీ మధ్యలో మొరాయించిందేమో" అన్నాడు కార్యదర్శి.

"మీరు ఊరుకోండి." ఆమె కసిరింది.

డ్రాయర్లోంచి ఫోన్ తీసి బస్సు డ్రైవర్‌కి చేసింది. మోగింది, ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తొద్దని వాళ్లకి గట్టిగా చెప్పింది తనే.

హారన్ మోగుతూనే ఉంది. దేవుడా, ఆగితే బాగుండు అనుకుంది. ఇంతసేపయ్యాక ఆగితే అది క్షేమంగా దాటినట్టు కాదని అంతలోనే తట్టింది. ఇక కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి వానలో పడి పరిగెత్తింది. వెనక కార్యదర్శి గొడుగు పట్టుకుని, "మేడం, జారిపడతారు" అని అరుస్తున్నాడు.

వీధి మలుపులో నిజంగానే పడింది. మోకాలు చీరుకుపోయింది, చూసుకోలేదు. దుకాణాల చూరుల కింద జనం నది వైపు చెవులు రిక్కించి నిలబడ్డారు. ఆమె నోరు దానంతటదే "పాపా, పాపా" అంటోంది.

నది దగ్గరికి వచ్చేసరికి వాన తెరిపిచ్చింది. వంతెన మొదట్లో, రోడ్డుకి అడ్డంగా ఓ కారు ఆగి ఉంది. ఎక్కనైనా లేదు. ఊరంతా మోగిపోతున్న హారన్ దానిదే.

అంత భయమూ కోపమైపోయింది. వెళ్లి అద్దం మీద దబదబా బాదింది.

"ఎవరయ్యా నువ్వు? ఎక్కకుండా ఈ హారనేంటి? నీ మూలంగా అవతల పిల్లల బస్సు ఆగిపోయి ఉంటుంది. తియ్యి ముందు చెయ్యి."

అద్దం దిగింది. లోపలి మనిషి నిలువునా తడిసి ఉన్నాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఏదో చెబుతున్నాడు గానీ హారన్ మోతలో "ఇంటర్వ్యూ" అన్నదీ, "ఎవరూ ఎత్తలేదు" అన్నదీ మాత్రమే ఆమె చెవిన పడ్డాయి. ఓహో, ఆ మూడో ఆయన. టైముకి ఆఫీసుకి రాకుండా ఇక్కడ కూర్చుని ఆటలాడుతున్నాడన్నమాట.

అతను హారన్ మీది చెయ్యి తియ్యలేదు. రెండో చేత్తో ముందుకి చూపించాడు.

ఆమె అటు చూసింది. అవతలి ఒడ్డున స్కూలు బస్సు లైట్లు వేసుకుని నిలబడి ఉంది. కిటికీలోంచి పాప చెయ్యి ఊపుతోంది. హమ్మయ్య అనుకుంది. కారుకి ఆనుకుంది. తనూ చెయ్యి ఊపబోయి, సగంలో ఆగిపోయింది.

ఇటు నిలబడితే ఎన్నడూ కనబడని అవతలి ఒడ్డు ఇవాళ అంత తిన్నగా కనబడుతోందంటే, మధ్యలో అడ్డుండాల్సిన మూపురం అక్కడ లేదు.